ఇంటికప్పు: స్లాబు గెలిచాక మిగిలిన ప్రశ్నలు

ఇంటికప్పు మీద మనవాళ్ళ వాదం కాలాన్ని బట్టి మారుతూ ఉంటుంది. మే నెలలో రాత్రి పదింటికి కూడా స్లాబు సెగ చల్లారకపోతే పాత పెంకుటిల్లే హాయి అంటారు. కార్తీకంలో తుపాను హెచ్చరిక రాగానే స్లాబు కింద తలదాచుకుందామంటారు. శ్రావణం ముసురులో గోడలు చెమర్చి, పెచ్చులు రాలడం మొదలైతే వాటర్‌ప్రూఫింగు చేసేవాళ్ళ కోసం వెతుకుతారు. మూడు మాటల్లోనూ నిజం ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, ఒక్కో వాదానికి ఒక్కో శత్రువే కనిపిస్తుంది. కప్పు మాత్రం ఎండకూ వానకూ గాలికీ మూడింటికీ తట్టుకోవాలి.

ఈ మధ్య చర్చ ఇంకా చిక్కుపడింది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఇంటిలోపలి వేడి ప్రాణాలమీదికి తెచ్చే సంగతని అప్పటినుంచి గట్టిగా మాట్లాడుతున్నారు. 2023లో తెలంగాణ చల్లని కప్పుల విధానం తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో డాబా మీది ఖాళీ జాగాకు కొత్త విలువ వచ్చింది. సిమెంటు రేకుల్లోని ఆస్బెస్టాస్ తగాదా మాత్రం పాతదే, ఇంకా తెగలేదు. వీటన్నిటినీ ఒకచోట పెట్టి, ఏది తేలింది, ఏది తేలలేదు అని చూడటం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ సామాను మంచిదని అందరూ అడుగుతున్నారు. ఆ కప్పుకు ఏటా చేయాల్సిన పని ఎవరు చేస్తారని అడిగేవాళ్ళు తక్కువ. స్లాబు వచ్చాక ఆ ప్రశ్న పూర్తిగా మరుగున పడింది. ఇప్పుడు పడుతున్న బాధల్లో చాలావాటికి మూలం అదే.

ఏ సీమకు ఆ కప్పు

సిమెంటు రాకముందు కప్పు ఎలా ఉండాలో చుట్టుపక్కల దొరికే వస్తువూ, ఆ సీమలో పడే వానా నిర్ణయించేవి. కోస్తాలో తాటిచెట్లున్నాయి కాబట్టి తాటాకు కప్పారు, ఏటిగట్లున్నచోట రెల్లు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు కట్టారు. గుండ్రటి మట్టిగోడ, దానిమీద అన్ని వైపులా బాగా కిందికి దిగిన చూరు. గాలి తగులుకోవడానికి మూల ఉండదు, వానజల్లు గోడను తాకదు. అయితే తాటాకు కప్పును రెండు మూడేళ్ళకోసారి తిరిగి నేయించాలి. నిప్పురవ్వ పడితే పేటకు పేటే కాలిపోయేది. పూరిల్లు ఎంత చల్లగా ఉంటుందో అని ఇవాళ మెచ్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేతకూలీ, ఆకుల ఖర్చూ, వేసవి రాత్రుల్లో నిప్పు భయమూ ఎరిగినవాళ్ళు ఆ మెప్పును అంత తేలిగ్గా ఒప్పుకోరు.

తెలంగాణలో గూన పెంకు. కుమ్మరి సారెమీద గొట్టంలా తీసి, నిలువునా రెండుగా చీల్చి, ఆరబెట్టి కాల్చేవాడు. ఒక వరస వెల్లకిలా, దానిమీద ఒక వరస బోర్లా పేర్చేవారు. సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. పగిలిన పెంకు ఒక్కదాన్నే తీసి కొత్తది పెట్టుకోవచ్చు. మృగశిర కార్తె లోపు గూన సర్దించుకోకపోతే ఇల్లు ఉరుస్తుంది.

రాయలసీమ మట్టి మిద్దె దీనికి పూర్తిగా వేరు. వాన తక్కువ కాబట్టి కప్పు వాలుగా ఉండాల్సిన అవసరం లేదు. రాతిగోడల మీద దూలాలు, వాటిమీద దగ్గర దగ్గరగా దంతెలు, ఆపైన కంపా ఆకూ పరిచి మట్టి మెత్తేవారు. అన్నిటికంటే పైన చవుడు. ఇందులో మంచి శాస్త్రం ఉంది. చవుడులో సోడియం ఉప్పులు ఎక్కువ. తడిసినప్పుడు దానిలోని బంకరేణువులు విడిపోయి సందులను పూడ్చేస్తాయి, నీళ్ళు కిందికి దిగవు. పంటకు పనికిరాని మట్టి ఇంటికి రక్షణ అయింది. వంటింటి పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ మిద్దెలో గవాక్షి వదిలేవారు. వాన వస్తే పైకెక్కి దాన్ని మూసేవారు. వానాకాలానికి ముందు పాత చవుడు గట్టిపడి పగిలినచోట కొత్తది పోసి దిమ్మిసతో కొట్టేవారు. బేతంచెర్ల, మాచర్ల ప్రాంతాల్లో నాపరాయి పుష్కలం కాబట్టి దూలాల మీద బండలే పరిచి మిద్దె వేసుకున్న ఇళ్ళూ ఉన్నాయి. పట్టణాల్లో ఉన్నవాళ్ళు మద్రాసు పద్ధతిలో టేకు దంతెల మీద ఇటుకలు నిలువునా పేర్చి, పైన సున్నం, ఇటుక జెల్లీ కలిపిన గచ్చు వేయించేవారు. ఆ సున్నంలో బెల్లం నీళ్ళూ, కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ పోసి రోజుల తరబడి చెక్కబద్దలతో కొట్టేవారు.

ఈ కప్పుల్లో ఏదీ పని పెట్టనిది కాదు. ఏడాదికోసారి ఎవరో ఒకరు పైకెక్కక తప్పదు. ఆ పని తెలిసినవాళ్ళు ఊళ్ళోనే ఉండేవారు, ఆ పనికి కార్తె ఉండేది.

మంగళూరు పెంకు: వచ్చింది, వెనక్కి తగ్గింది

1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. యంత్రంలో అచ్చుగుద్దిన పలక పెంకు, ఒకదాని గాడిలో ఇంకొకటి కూర్చుంటుంది. చదరపు మీటరుకు 15, 16 పెంకులు పడతాయి, బరువు 40 కిలోలకు అటూఇటూగా ఉంటుంది. గూనకంటే తేలిక, కారడం తక్కువ. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళకు ఇది బాగా అతికింది.

ఇవాళ మళ్ళీ పెంకు వైపు చూస్తున్నవాళ్ళు దాని అందమూ చల్లదనమూ చెబుతారు గానీ అది ఎందుకు పోయిందో చెప్పరు. మొదటిది కలప. వాసాలకు తగిన టేకు, మద్ది సామాన్యుడి చేతికి అందనంత పిరమైపోయాయి. రెండోది పనివాళ్ళు. పెంకు సర్దడం తెలిసిన చేతులు తగ్గిపోయాయి. మూడోది కోతులు. అడవులు తరిగి ఊళ్ళమీద పడ్డ కోతుల గుంపులు తెలంగాణ పల్లెల్లో గూన ఇళ్ళను బతకనివ్వలేదు. ఉదయం సర్దించిన పెంకు సాయంత్రానికి పగిలి ఉంటుంది. కప్పుల చర్చలో ఈ సంగతి దాదాపు రాదు. పల్లెలో ఎవరిని అడిగినా పెంకు తీసి రేకు వేయడానికి ముందుగా చెప్పే కారణం ఇదే.

స్లాబు ఎందుకు గెలిచింది

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేలమంది దాకా చనిపోయారు. అది కోస్తావాళ్ళ ఆలోచనను మార్చేసింది. గట్టి కప్పు ఉన్న కట్టడం ఎక్కడ ఉంటే అక్కడ ప్రాణాలు మిగిలాయన్న జ్ఞాపకం నిలిచిపోయింది. తుపాను షెల్టర్లు కాంక్రీటుతో కట్టారు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది, ‘పక్కా ఇల్లు’ ప్రభుత్వ వాగ్దానమైంది. 1990 మే, 1996 నవంబరు తుపానులూ, 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ తుపానూ ఆ నమ్మకాన్ని గట్టిపరిచాయి. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం స్లాబును వేల ఊళ్ళకు తీసుకుపోయింది. ఇప్పుడు తెలంగాణలో అదే పేరుతో నడుస్తున్న పథకంలోనూ కనీసం 400 చదరపు అడుగుల ఇంటికి 5 లక్షల సాయం అందుతోంది.

గాలి లెక్క చూస్తే ఈ గెలుపు న్యాయమే. కట్టడాల రూపకల్పనకు వాడే జాతీయ గాలిపటంలో విశాఖ, విజయవాడ, నెల్లూరులకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్లు. సెకనుకు 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. నాలుగంగుళాల స్లాబు చదరపు మీటరుకు 250 కిలోల దాకా తూగుతుంది; ఆ గాలి దాన్ని లేపలేదు. రేకును మాత్రం చూరు దగ్గర పట్టుకుని ఊడబెరికి పక్కింటి మీద విసరగలదు. కొక్కేల బోల్టులు తుప్పు పట్టి ఉంటే ఆ పని ఇంకా సులువు.

పరువు సంగతినీ చిన్నచూపు చూడకూడదు. స్లాబు ఉన్న ఇంటికి అప్పు పుడుతుంది, పిల్లకు సంబంధం వస్తుంది, రేపు కొడుక్కి పైన ఒక గది వేయొచ్చు. పల్లెల్లో స్లాబుల మోజును అజ్ఞానమని రాసే పర్యావరణవేత్తలు ఈ కోరిక వెనకున్న లెక్కను సరిగా చదవలేదని నా అభిప్రాయం.

రేకుల తగాదా

స్లాబు వేయలేనివాడికి రేకే గతి. 1946లో హైదరాబాదులో మొదలైన కంపెనీ తెచ్చిన చార్మినార్ రేకులు తెలుగు నేలమీద సిమెంటు రేకుకు మారుపేరయ్యాయి. సిమెంటులో తెల్ల ఆస్బెస్టాస్ నార కలిపి చేసిన రేకు ఇది. చవక, తుప్పు పట్టదు, ఇద్దరు మనుషులు ఒక్కరోజులో కప్పేస్తారు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఆస్బెస్టాస్ నిక్షేపాలున్నాయి. దేశంలో తవ్వకాలు ఎప్పుడో ఆగాయి. నార మాత్రం రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ వంటి దేశాల నుంచి వస్తూనే ఉంది.

ఒక పక్షం ఇలా అంటుంది: ఆస్బెస్టాస్ రకాలన్నీ, తెల్లదానితో సహా, క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివరలో నిషేధించాయి. పీల్చిన నార ఊపిరితిత్తుల్లో ఉండిపోయి, రెండు మూడు దశాబ్దాల తర్వాత జబ్బుగా బయటపడుతుంది కాబట్టి ఇవాళ ఎవరికీ ఏమీ కాలేదన్న మాటకు విలువ లేదు. రెండో పక్షం, అంటే పరిశ్రమ, ఇలా అంటుంది: నార సిమెంటులో బంధించి ఉంటుంది, కప్పుమీద కదలకుండా ఉన్న రేకు గాలిలోకి దాన్ని వదలదు, దీన్ని ఆపేస్తే పేదవాడికి కప్పే లేకుండా పోతుంది. మన సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని తీర్పు ఇచ్చింది, పరిహారమూ పరీక్షలూ ఆదేశించింది, వాడకాన్ని నిషేధించలేదు.

రెండో పక్షం మాటలో కొంత నిజం ఉంది, కానీ అది చెక్కుచెదరని రేకుకే వర్తిస్తుంది. మన ఇళ్ళల్లో రేకు అలా ఉండదు. కొలత కోసం కోస్తారు, బోల్టుకు డ్రిల్లుతో రంధ్రం వేస్తారు, కోతి దూకితే బీట వారుతుంది, పగిలిన ముక్కలు వాకిట్లో గుంట పూడ్చడానికి పోస్తారు. దుమ్ము లేచేది అప్పుడే. అందుకని పాత రేకులున్నవాళ్ళు భయపడి పగలగొట్టి తీయించాల్సిన పని లేదు. రంధ్రం వేయాల్సివస్తే ముందు బాగా తడపాలి. పాకుడును పొడి బ్రష్షుతో గీకకూడదు. మార్చేటప్పుడు రేకును ముక్కలు చేయకుండా దించాలి. కొత్తగా కప్పుకునేవాళ్ళకు ఆస్బెస్టాస్ లేని ఫైబరు సిమెంటు రేకులూ, రంగు పూసిన ఇనుప రేకులూ దొరుకుతున్నాయి. ఖరీదు ఎక్కువే. ఇనుప రేకు ఎండకు ఇంకా త్వరగా కాగుతుంది, వానకు మోత పెడుతుంది.

వేడి మీద మూడు వాదాలు

ఇక స్లాబు వేడి. మే ఎండలో రంగు లేని స్లాబు పైభాగం 60 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ వేడి కాంక్రీటులోంచి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి గది బాగా ఉడికేది సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా. రేకు పగలంతా మాడ్చి, పొద్దుగూకగానే చల్లారుతుంది. పగలు కూలికి పోయి రాత్రి ఇంట్లో పడుకునేవాడికి స్లాబు నరకం, పగలంతా ఇంట్లో ఉండే ముసలివాళ్ళకూ పసిపిల్లల తల్లులకూ రేకు నరకం. ఇంట్లో ఎవరు ఏవేళ ఉంటారో అడగకుండా ఏ కప్పు చల్లన అని తేల్చడం కుదరదు.

మొదటి వాదం ఎండను తిప్పికొట్టాలంటుంది. తెల్ల రంగు, తెల్ల పెంకుముక్కలు, సున్నం. 2017లో హైదరాబాదు బస్తీల్లో కొన్ని ఇళ్ళమీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. తెలంగాణ 2023 విధానం ఈ దారిలోదే. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు లక్ష్యం, అందులో 200 హైదరాబాదులో. ప్రభుత్వ, వాణిజ్య కట్టడాలన్నిటికీ, 600 గజాలూ అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకూ తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్ళకు ఇష్టమైతేనే. విధానం మంచిదే గానీ ఈ గీత తప్పు చోట పడింది. ఏసీ లేని ఇల్లు, పక్కకు గాలి రాని ఇల్లు, ఒకటే గది ఉన్న ఇల్లు 600 గజాల్లో ఉండదు. ఇక రంగు మీద దుమ్ము పేరుకుంటే దాని శక్తి తగ్గుతుంది కాబట్టి కొత్త డబ్బా మీద రాసిన అంకె కాక, మూడేళ్ళు ఎండకు నిలిచాక ఎంత మిగిలిందన్నది అడగాలి. సున్నం చవక, ఒక వానాకాలానికి కొట్టుకుపోతుంది. ప్రతి మార్చిలో మళ్ళీ వేయగలిగితే అంతకంటే చవకైన మందు లేదు.

రెండో వాదం వేడిని అడ్డగించాలంటుంది. స్లాబు పైన ఇన్సులేషన్ పలకలు, బోలు పెంకులు, లేదా కింద ఫాల్స్ సీలింగు. పైన వేసేదే మేలు. కింద వేస్తే స్లాబు కాగడం ఆగదు, దాని సెగ గదిలోకి రావడం మాత్రమే తగ్గుతుంది. కేరళలో లారీ బేకర్ ప్రచారం చేసిన ఫిల్లర్ స్లాబు ఈ కోవలోదే: స్లాబు అడుగు సగంలో కాంక్రీటు పెద్దగా బరువు మోయదు కాబట్టి అక్కడ పాత మంగళూరు పెంకులు పెట్టి సిమెంటు ఆదా చేస్తారు, కొంత వేడీ తగ్గుతుంది. మన మేస్త్రీలకు ఇది అలవాటు కాలేదు.

మూడో వాదం నీడ. తుమ్మేటి రఘోత్తమ రెడ్డి ప్రచారంలోకి తెచ్చిన మిద్దెతోట రెండు రాష్ట్రాల్లోనూ వేలమందిని ఆకట్టుకుంది. దానివల్ల కప్పు చల్లబడటం నిజమే. బరువు లెక్క మరిచిపోకూడదు. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు ప్రమాణాలు చెప్పే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. అడుగు లోతున తడిమట్టి పోస్తే 500 కిలోలు దాటుతుంది. మడులు దూలాల మీదా గోడల మీదా రావాలి, నడుమ కుండీలే మేలు. సోలారు పలకలదీ నీడే. కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగులు కప్పేస్తాయి, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తుంది. వాటి కాళ్ళను స్లాబులోకి రంధ్రాలు వేసి బిగించినచోట నీరు దిగితే ఆ లాభమంతా మరమ్మతుకు పోతుంది. విడిగా సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టడం మంచిది.

కారే స్లాబు

ఒకసారి వేస్తే మళ్ళీ చూడక్కర్లేదన్న మాట మీద స్లాబు ఇంటింటికీ వచ్చింది. ఆ మాట ఎక్కడ తప్పుతుందో ఒక మామూలు డాబా ఎక్కితే కనిపిస్తుంది. పైన ఇంకో అంతస్తు వేద్దామని వదిలిన చువ్వలు మూలమూలనా పైకి లేచి ఉంటాయి, తుప్పు పొరలు పొరలుగా ఊడుతుంటుంది. వాన నీరు ఆ చువ్వ వెంబడి కింది స్తంభంలోకి దిగుతుంది. పిట్టగోడ మొదట్లో వెంట్రుకవాసి బీట. నీళ్ళు పోయే గొట్టం మూతిలో వేపాకు, పావురాల రెట్ట, ప్లాస్టిక్ కవరు. ట్యాంకు దిమ్మె చుట్టూ ఎప్పుడూ ఆరని తడి. కింద గదిలో చుక్క పడేది మాత్రం ఫ్యాను కొక్కెం దగ్గర. స్లాబులో పాతిన కరెంటు పైపు నీళ్ళను ఎక్కడినుంచో అక్కడికి చేర్చింది. చుక్క పడినచోటికి సూటిగా పైన రంగు పూసి లాభం ఉండదు.

నీరు ఇనుమును చేరితే తుప్పు చువ్వను లావెక్కిస్తుంది, కాంక్రీటు లోపలినుంచి పగిలి పెచ్చులూడతాయి. ఇది వేసిన రోజునే నిర్ణయమయ్యే సంగతి కూడా. చువ్వ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి, సముద్రపు గాలి తగిలేచోట ఇంకా ఎక్కువ. అందుకోసం పెట్టే కవర్ బ్లాకులకు బదులు కంకర రాళ్ళు పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. స్లాబు వేశాక మడులు కట్టి నీళ్ళు నిలపడం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇవాళ ఎక్కువగా వాడే బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులు, మండుటెండల్లో 14 దాకా.

మరమ్మతులో మూడు దారులున్నాయి. రసాయనపు పూతలు నమ్మేవాళ్ళు త్వరగా పని ముగిస్తారు. పూత ఎండకు కొన్నేళ్ళలో పెళుసెక్కుతుంది. సున్నపు గచ్చు నమ్మేవాళ్ళు దీర్ఘకాలం నిలిచే పని చేస్తారు, కానీ చదరపు మీటరుకు వంద కిలోలకు పైగా బరువు కలుస్తుంది, అది తెలిసిన చేతులు తక్కువ. మూడోవాళ్ళు స్లాబు మీద రేకుల షెడ్డు వేసి వానా ఎండా రెండూ ఆపేస్తారు. తీరంలో అది గాలికి ఎరే. నా మాట అడిగితే ఏ పూతకైనా ముందు వాలు. పదడుగులకు అంగుళానికి పైగా వాలు లేని డాబామీద ఎంత ఖరీదైన రసాయనమూ నిలవదు. పని అయ్యాక గొట్టాలు మూసి రెండు రోజులు నీళ్ళు నిలిపి చూశాకే కూలి లెక్క తేల్చాలి.

పక్కపక్కన పెడితే

తీరంలో 50 మీటర్ల గాలి పడే ఊళ్ళలో స్లాబుకు పోటీ లేదు. అక్కడ చర్చంతా ఉప్పుగాలికి దాన్ని ఎలా కాపాడాలి, తెల్లగా ఎలా ఉంచాలి అన్నదే. తెలంగాణ మెట్ట ఊళ్ళలో గాలి తక్కువ, ఎండ ఎక్కువ. స్లాబు వేస్తే తెల్ల కప్పు తప్పనిసరి, రేకు వేస్తే కింద ఏదైనా అడ్డు తప్పనిసరి. రాయలసీమలో నిలిచి ఉన్న బండల మిద్దెలను కూల్చి స్లాబు వేయడానికి గట్టి కారణం కనపడదు. గచ్చు కొత్తగా వేయించుకుంటే ఇంకో తరం నిలుస్తాయి. మట్టి మిద్దె, గూన ఇల్లు మాత్రం మనుషులు, కలప, చవుడు దొరికినంతవరకే. పూరికప్పు చల్లదనంలో అన్నిటికంటే ముందు, నిప్పులోనూ గాలిలోనూ అన్నిటికంటే వెనక.

ఇంకా తేలనివి

ఆస్బెస్టాస్ వ్యర్థం మన నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థాల పట్టికలో ఉంది, అది ఫ్యాక్టరీల కోసం రాసినది. ఊళ్ళో ఒక ఇంటిమీదినుంచి దించిన ఇరవై రేకులను ఎవరికి అప్పగించాలో ఇంటివాడికి చెప్పేవాళ్ళు లేరు. రాబోయే ఏళ్ళలో ఇళ్ళు మారేకొద్దీ ఈ కుప్ప పెరుగుతుంది. చల్లని కప్పు రంగుల్లో ఏది మన దుమ్ముకూ మన వానకూ ఎన్నాళ్ళు నిలుస్తుందో ఊరూరా కొలిచిన లెక్కలు కొనేవాడి చేతికి రావాలి. ఇప్పుడు అతని చేతిలో ఉన్నది అమ్మేవాడి కాగితమే. 600 గజాల గీత కిందున్న ఇళ్ళకు సున్నానికి కూడా సాయం ఎలా అందుతుందో తేలాలి.

అన్నిటికంటే దగ్గరపడినది ఇంకొకటి. 2006 తర్వాత వరసగా పడిన ఇందిరమ్మ స్లాబులకు ఇరవై ఏళ్ళు నిండుతున్నాయి. వాటిలో చాలావాటికి వాలు లేదు, పైన గచ్చు లేదు, అడుగున చువ్వకు చాలినంత మందం లేదు. కొత్త ఇంటికి వాయిదాల వారీగా డబ్బిచ్చే పద్ధతి ప్రభుత్వాలకు బాగా తెలుసు. పెచ్చులూడుతున్న పాత స్లాబు కింద నిద్రపోయే కుటుంబం ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఆ స్లాబును ఎవరు పరీక్షించాలి, బాగుచేసే ఖర్చులో ఎవరి వాటా ఎంత అన్నది మాత్రం ఇంతవరకు ఎవరూ గట్టిగా ఎత్తుకోలేదు.